‘ఐ డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పు? ఇంగ్లీషు క్రియలను వాటి పక్కమాటలతో కలిపి నేర్చుకునే పద్ధతి

మా బడిలో వీ1, వీ2, వీ3 (క్రియ మూల రూపం, భూతకాల రూపం, ‘హ్యావ్’ పక్కన వచ్చే మూడో రూపం) పట్టికను ఎక్కాల్లాగే బట్టీ పట్టించారు. ‘గో, వెంట్, గాన్, కమ్, కేమ్, కమ్’ అంటూ క్లాసంతా ఒకే రాగంలో పాడేవాళ్లం. పదో తరగతి అయ్యేసరికి వందకు పైగా క్రియలు నోటికొచ్చేశాయి. తర్వాత కొన్నేళ్లకి ఒక ఇంటర్వ్యూలో ‘నిన్న అక్కడికి వెళ్లారా?’ అని ఇంగ్లీషులో అడిగితే, తడుముకోకుండా ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్నాను. అడిగినాయన ఏమీ అనలేదు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే నాకే తట్టింది.

పట్టిక తప్పేమీ లేదు. ‘గో’కి వీ2 ‘వెంట్’ అని సరిగ్గానే నేర్పింది. పక్కన ‘డిడ్’ కూర్చుంటే ‘వెంట్’కి అక్కడ చోటు లేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఇంగ్లీషు క్రియ ఒంటరిగా పనిచేసేది తక్కువ. దాని ముందు ఎవరున్నారు, వెనక ఎవరొచ్చారు అన్నదాన్ని బట్టి రూపం మారుతుంది, ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. అందుకని ఈ మార్గదర్శిలో క్రియను దాని ఇరుగుపొరుగుతో కలిపే చూద్దాం.

1. ముందు మన క్రియను ఒకసారి చూసుకోండి

‘వస్తున్నాడు’ అన్న ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి. వచ్చేది ఒక్కడే, మగవాడు, మనకెదురుగా ఉండి మాట్లాడుతున్నవాడు కాదు, పని ఇంకా జరుగుతోంది. ఇంత సమాచారం క్రియ తోకలోనే ఉంది. కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది.

ఇంగ్లీషు క్రియకి అంత తోక లేదు. ‘కమింగ్’ అన్న మాట ఒక్కటే వింటే ఎవరు, ఎప్పుడు అన్నది తెలియదు. ‘హి ఈజ్ కమింగ్’ అనాలి. అంటే మనం తోకలో చెప్పేదాన్ని వాళ్లు ముందు నిలబెట్టిన చిన్న మాటలతో చెబుతారు.

ఇంకో తేడా ఉంది. ‘బజారుకి వెళ్లి, కూరగాయలు కొని, ఇంటికి తెచ్చాడు’ అంటాం. వెళ్లి, కొని అన్నవి అలాగే ఉంటాయి. కాలం, కర్త అన్నీ చివరి ‘తెచ్చాడు’ మీదే. ఇంగ్లీషులో ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ లాగా ఒకే పనిని చెప్పడానికి క్రియలు వరసగా నిలబడ్డప్పుడు ఇది సరిగ్గా తలకిందులు. కాలమూ కర్తా మొదటి మాట మీదే కనిపిస్తాయి. మన రైలుకి ఇంజను వెనక, వాళ్ల రైలుకి ముందు. ఈ ఒక్క బొమ్మ మనసులో పెట్టుకుంటే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

2. రూపాలు ఐదే

తోక తక్కువ కాబట్టి రూపాలూ తక్కువే. ‘గో’ తీసుకోండి: గో, గోస్, వెంట్, గాన్, గోయింగ్. అంతే. ‘వర్క్’ లాంటి మామూలు క్రియల్లో వీ2, వీ3 ఒకటే కాబట్టి నాలుగు. ‘కట్’కి మూడు: కట్, కట్స్, కటింగ్. ‘మస్ట్’కి ఒకటే. అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ‘బి’కి, ఎనిమిది: బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. ఈ ఎనిమిదీ ఒక్క కుటుంబమని చాలామందికి బడిలో ఎవరూ చెప్పరు. ‘ఈజ్’ వేరు, ‘బీన్’ వేరు అనుకుంటూ పెద్దవాళ్లవుతారు.

‘గో’కి ‘వెంట్’ ఏమిటి, పోలికే లేదే అనిపిస్తుంది. నిజానికి ‘వెంట్’ పూర్వం ‘వెండ్’ అనే వేరే క్రియది. పోనుపోను ‘గో’ ఇంటికి ఇల్లరికం వచ్చేసింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? ‘వచ్చాడు’ అంటాం, కానీ ‘రాలేదు’ అంటాం, ‘రా’ అని పిలుస్తాం. ‘వచ్చలేదు’ అని ఎవరూ అనరు. తెలుగు నేర్చుకునేవాళ్లకి అది కూడా ఇంతే వింత.

పట్టికను అక్షరక్రమంలో బట్టీ పట్టొద్దు. ఒకేలా మోగేవాటిని గుంపు కట్టండి. కట్, పుట్, హిట్, షట్, హర్ట్, కాస్ట్: ఇవి మారవు. సింగ్, శాంగ్, సంగ్ లాగే రింగ్, డ్రింక్, స్విమ్, బిగిన్ నడుస్తాయి. బ్రింగ్, థింక్, బై, క్యాచ్, టీచ్ అనేవాటికి బ్రాట్, థాట్, బాట్, కాట్, టాట్. కీప్, స్లీప్, ఫీల్, లీవ్ అనేవాటికి కెప్ట్, స్లెప్ట్, ఫెల్ట్, లెఫ్ట్. కొత్తగా పుట్టే క్రియలకి ఈ బాధే లేదు, దాదాపు అన్నీ మామూలు దారిలోనే పోతాయి: గూగుల్డ్, టెక్స్‌టెడ్.

వీ2 చివర వచ్చే ‘ఈడీ’ని అన్నిచోట్లా ‘ఎడ్’ అని పలకకండి. మూల క్రియ చివర ట, డ శబ్దాలుంటేనే ‘ఇడ్’ అని వినపడుతుంది: వాంటిడ్, నీడిడ్. క, ప, స, ష, చ, ఫ శబ్దాలైతే చివర ‘ట్’: వర్క్‌ట్, స్టాప్ట్, వాష్ట్. మిగతావాటికి ‘డ్’: ప్లేడ్, కాల్డ్. తెలుగు లిపిలో రాసుకోవడంలో ఉన్న సుఖం ఇదే, చెవికి వినపడింది రాసుకోవచ్చు. ‘సే’ పక్కన ‘సెజ్, సెడ్’ అని రాసుకుంటే ‘సేస్, సెయిడ్’ అనే అలవాటు పోతుంది. ‘రీడ్’కి వీ2, వీ3 స్పెల్లింగ్ అదే అయినా పలికేది ‘రెడ్’.

3. మూడు సూత్రాలు: ముందున్న మాట వెనకదాన్ని ఎలా శాసిస్తుంది

ఈ భాగం నెమ్మదిగా చదవండి.

మొదటిది. డూ, డజ్, డిడ్ తర్వాతా, విల్, వుడ్, కెన్, కుడ్, షల్, షుడ్, మే, మైట్, మస్ట్ తర్వాతా వచ్చేది ఎప్పుడూ వీ1.

రెండోది. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ సహాయక క్రియలుగా వచ్చినప్పుడు వాటి తర్వాత వీ3.

మూడోది. ‘బి’ కుటుంబం తర్వాత ‘ఇంగ్’ రూపమో, వీ3నో. కర్త ఆ పని తానే చేస్తూ ఉంటే ‘ఇంగ్’, పని కర్త మీద జరిగితే వీ3.

ఇప్పుడు ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం. ‘ఈపాటికి అది పూర్తయి ఉండాలి’ అనడానికి ఇంగ్లీషులో ‘ఇట్ షుడ్ హ్యావ్ బీన్ కంప్లీటెడ్ బై నౌ’. ‘షుడ్’ వచ్చింది కాబట్టి మొదటి సూత్రం ప్రకారం తర్వాతది వీ1, అంటే ‘హ్యావ్’. కర్త ‘ఇట్’ కదా, ‘హ్యాజ్’ రావాలి కదా అనిపిస్తుంది. రాదు, ముందు ‘షుడ్’ ఉంది. ‘హ్యావ్’ తర్వాత వీ3 రావాలి, ‘బి’కి వీ3 ‘బీన్’. ఆ ‘బీన్’ కూడా ‘బి’ కుటుంబమే, పైగా పని తనంతట తాను చేసుకోదు, ఎవరో చేస్తారు. కాబట్టి వీ3, ‘కంప్లీటెడ్’. ఒక్కో మాట తన వెనకదానికి మాత్రమే ఆజ్ఞ ఇస్తుంది, దానికి అవతల ఉన్నదాని జోలికి పోదు.

‘షి హ్యాజ్ బీన్ వర్కింగ్’ని మీరే విప్పండి. హ్యాజ్ తర్వాత వీ3 ‘బీన్’, పని ఆమే చేస్తోంది కాబట్టి ‘ఇంగ్’. ఎన్నో కాలాల పేర్లు గుర్తుపెట్టుకోలేక టెన్షన్ పడేవాళ్లకి ఈ మూడు సూత్రాలు చాలు. పేర్లు పరీక్ష కోసం, సూత్రాలు నోటి కోసం.

‘డిడ్ నాట్ వెంట్’ ఎందుకు తప్పో ఇక వేరే చెప్పక్కర్లేదు. భూతకాలం ‘డిడ్’ తీసేసుకుంది, ‘గో’ మీద మళ్లీ వేయకూడదు. ‘డజ్ హి గోస్?’ కూడా అంతే. ‘స్’ తోకను ‘డజ్’ అప్పటికే తగిలించుకుంది. ‘డజ్ హి గో?’ అంటే చాలు. ‘హి కెన్ స్పీక్స్’ కూడా ఇదే జాతి తప్పు.

4. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో రెండు

మన తప్పుల్లో చాలా వరకు నిర్లక్ష్యం వల్ల వచ్చేవి కావు. తెలుగులో ఒక్క రూపం చేసే పనిని ఇంగ్లీషు రెండు రూపాలకి పంచింది.

‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఆరింటికి లేస్తాను’. మనకి రెండుచోట్లా ‘లేస్తాను’. అందుకే ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అని నోట్లోంచి వచ్చేస్తుంది. ‘ఐ’తో రోజువారీ అలవాటుకి వీ1 ఒక్కటే చాలు: ‘ఐ గెట్ అప్ ఎట్ సిక్స్’. ‘విల్’ రేపటికి దాచుకోండి.

‘తిన్నాను’ కూడా ఇంతే. ఇంటికొచ్చినవాళ్లని ‘భోంచేశారా?’ అంటే ఇప్పుడు కడుపు నిండి ఉందా అని. ‘హ్యావ్ యు ఈటెన్?’. ‘రాత్రి ఏం తిన్నారు?’ అంటే అయిపోయిన రాత్రి సంగతి. ‘వాట్ డిడ్ యు ఈట్ లాస్ట్ నైట్?’. నిన్న, పోయిన వారం, 2019లో అని గడిచిపోయిన సమయం చెప్పారంటే ‘హ్యావ్’ పక్కకి తప్పుకోవాలి. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’ కుదరదు, ‘ఐ సా హిమ్ ఎస్టర్‌డే’ అనాలి. అయితే డాలస్‌లో ఉన్న మేనల్లుడు ‘డిడ్ యు ఈట్ ఆల్రెడీ?’ అన్నాడని తప్పు పట్టకండి. అమెరికాలో అలా అనడం మామూలే.

‘రెండేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను’ ఇంకో గోతి. ‘నుంచి’ అనగానే ‘సిన్స్’, ‘ఉంటున్నాను’ అనగానే ‘యామ్ లివింగ్’ వచ్చేస్తాయి. సరైనది ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ఎంత కాలం అన్నదానికి ‘ఫర్’, ఎప్పుడు మొదలైంది అన్నదానికి ‘సిన్స్’.

‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ అన్న తప్పుకి మాత్రం తెలుగుని నిందించలేం. మనం కూడా ‘ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారు’ అంటాం కానీ ‘ఉంటున్నారు’ అనం. ‘ఇంగ్’ పెడితే ఇంగ్లీషు బాగా మాట్లాడినట్టు ఉంటుందన్న భ్రమ తప్ప వేరే కారణం నాకు కనపడదు.

5. ‘అయ్యాను’ అన్నప్పుడల్లా ఒక్కక్షణం ఆగండి

ఇంగ్లీషు మాటని తెలుగులోకి తెచ్చుకోవడానికి మనకి రెండు కొక్కేలున్నాయి: చేయడం, అవ్వడం. ‘ఫైల్ డిలీట్ చేశాను’, ‘ఫైల్ డిలీట్ అయింది’. ఎంత చక్కటి ఏర్పాటో! చేసినవాడు కావాలంటే ఒకటి, అక్కర్లేకపోతే ఇంకొకటి. ‘చేయబడింది’ అనే బరువైన కర్మణి ప్రయోగం ఆఫీసు కాగితాలకి వదిలేసి, మాటల్లో ‘అయింది’తో గడిపేస్తాం.

చిక్కల్లా తిరుగు ప్రయాణంలో. ‘సెలెక్టయ్యాను’లోంచి ‘అయ్యాను’ తీసేస్తే ‘ఐ సెలెక్టెడ్’ మిగులుతుంది. దాని అర్థం ‘నేను ఎవరినో ఎంపిక చేశాను’ అని. ఉద్యోగం వచ్చిందని చెప్పబోయి, ఉద్యోగం ఇచ్చానన్నట్టు చెబుతాం. ‘ఐ వాజ్ సెలెక్టెడ్’ అనాలి. ట్రాన్స్‌ఫరయ్యాడు, సస్పెండయ్యాడు, అరెస్టయ్యాడు: వీటన్నిటిలో ఆ ‘అయ్యాడు’ స్థానంలో ‘వాజ్’ పెట్టి వీ3 తగిలించండి. ‘ఐ వాజ్ బోర్న్ ఇన్ గుంటూర్’ కూడా ఈ వరసలోదే. అయితే ప్రతి ‘అయ్యింది’కీ ఇది వర్తించదు. ‘బస్సు స్టార్టయింది’కి ‘ది బస్ స్టార్టెడ్’ చాలు, ఎందుకంటే ‘స్టార్ట్’ తనంతట తానూ జరగగలదు. ‘ఎవరైనా చేస్తేనే అయ్యే పనా?’ అని అడిగి చూడండి. అవునంటే ‘వాజ్’ కావాలి.

6. క్రియ వెనక ఇంకో క్రియ

‘వాంట్’ తర్వాత ‘టు గో’. ‘ఎంజాయ్’ తర్వాత ‘గోయింగ్’. ‘లెట్’, ‘మేక్’ తర్వాత మనిషి, ఆ తర్వాత ఒట్టి ‘గో’: ‘లెట్ హిమ్ గో’. ఏ క్రియ ఏది కోరుకుంటుందో చెప్పే గట్టి నియమం లేదు. క్రియతో పాటే నేర్చుకోవాలి. డిసైడ్, హోప్, ప్లాన్, రెఫ్యూజ్ ‘టు’ అడుగుతాయి. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్ ‘ఇంగ్’ అడుగుతాయి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ అన్నచోట ‘టు’ని చూసి మోసపోవద్దు, తర్వాత ‘మీటింగ్ యు’ అనే రావాలి.

కొన్ని రెండూ తీసుకుంటాయి, అర్థం మారుతుంది. దీన్ని తెలుగు ఎంత బాగా పట్టిస్తుందో చూడండి. ‘తాళం వేయడం మర్చిపోయాను’: తాళం పడలేదు. ‘ఐ ఫర్గాట్ టు లాక్ ది డోర్’. ‘తాళం వేసిన సంగతి మర్చిపోయాను’: తాళం పడింది, నాకే గుర్తు లేదు. ‘ఐ ఫర్గాట్ లాకింగ్ ది డోర్’. అలాగే ‘హి స్టాప్‌ట్ డ్రింకింగ్ టీ’ అంటే టీ తాగడం మానేశాడు. ‘హి స్టాప్‌ట్ టు డ్రింక్ టీ’ అంటే టీ తాగడానికి ఆగాడు. ఒకాయన డాక్టరు మాట విన్నాడు, ఇంకొకాయన దారిలో హోటలు చూశాడు.

7. అప్, ఆఫ్, ఆన్, అవుట్

‘గివ్’ తెలుసు, ‘అప్’ తెలుసు, ‘గివ్ అప్’ అంటే మానేయడం ఎలా అయింది అని అడుగుతారు. ‘చెడిపోయింది’లో పోయింది ఎవరు? ‘అలసిపోయాను’ అన్నవాడు ఎక్కడికి పోయాడు? ‘తినేయ్’ అంటే తిని ఎక్కడ వేయాలి? మనం పో, వేయి, పెట్టు, కొను అన్న క్రియల్ని ఇంకో క్రియకి తగిలించి వాటి అసలు అర్థాన్ని అరగదీసి వాడుకుంటాం. ఇంగ్లీషు వాళ్లు అదే పనిని అప్, అవుట్, ఆఫ్‌లతో చేసుకుంటారు. ‘ఈట్ అప్, డ్రింక్ అప్, యూజ్ అప్’లో ‘అప్’ అంటే పైకి అని కాదు, పూర్తిగా అని. మన తినేయ్, తాగేయ్, వాడేయ్‌లో ఉన్న ‘ఏయ్’ అదే. దారి మధ్యలో బస్సు ‘బ్రేక్ డౌన్’ అయితే కింద పడినట్టు కాదు, చెడిపోయి ఆగిపోయినట్టు.

ఒక్క సంగతి మాత్రం మనం కొత్తగా నేర్చుకోవాలి. ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ రెండూ సరే. కానీ ‘ఫ్యాన్’ బదులు ‘ఇట్’ అంటే అది మధ్యలోకి రావాల్సిందే: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ అనరు. అన్నీ ఇలా విడిపోవు. ‘లుక్ ఆఫ్టర్ హర్’లో ‘ఆఫ్టర్’ అతుక్కునే ఉంటుంది.

తెలుగే ధనికంగా ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. చొక్కా వేసుకుంటాం, చీర కట్టుకుంటాం, కళ్లజోడు పెట్టుకుంటాం, చెప్పులు తొడుక్కుంటాం, పూలు ముడుచుకుంటాం. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి ‘పుట్ ఆన్’ ఒక్కటే గతి. ఆ పని చేసే క్షణానికి ‘పుట్ ఆన్’, ఒంటి మీద ఉన్న స్థితికి ‘వేర్’. ‘షి ఈజ్ వేరింగ్ ఎ శారీ’ అంటే చీరలో ఉంది అని.

8. కు, తో, గురించి: మన విభక్తులు పెట్టే తంటా

‘దీని గురించి చర్చిద్దాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్ అబౌట్’ వస్తుంది. ‘అబౌట్’ వద్దు. ‘స్టేషన్‌కి చేరాను’ అంటాం కాబట్టి ‘రీచ్‌ట్ టు’. ‘టు’ వద్దు. ‘గదిలోకి వచ్చాడు’కి ‘ఎంటర్డ్ ది రూమ్’ చాలు, ‘ఇంటు’ అక్కర్లేదు. ‘నాకు చెప్పాడు’కి ‘టోల్డ్ మి’, ‘టోల్డ్ టు మి’ కాదు. అదే ‘ఎక్స్‌ప్లెయిన్’కి మాత్రం ‘టు మి’ కావాలి. పాట వినడానికి మనకి విభక్తే అక్కర్లేదు, ఇంగ్లీషులో ‘లిజన్ టు’. ‘మ్యారీ’ దగ్గర ‘విత్’ పెట్టేవాళ్లు ‘అతనితో పెళ్లయింది’ని తలుచుకుంటున్నారు. ‘అతన్ని పెళ్లి చేసుకుంది’ని తలుచుకోండి, ‘షి మ్యారీడ్ హిమ్’ దానంతటదే వస్తుంది.

9. నోటుబుక్కు ఇలా రాయండి

ఒక్కో క్రియకి ఒక్కో పేజీ. రోజుకి ఒకటి చాలు. ఎడమవైపు రూపాలు, పలికే తీరు. కుడివైపు దానితో కలిసి తిరిగే మాటలు. కింద మీ సొంత జీవితంలోంచి మూడు వాక్యాలు. పుస్తకంలోంచి ఎత్తి రాయొద్దు, మీ ఇంటి గొడవలు, మీ ఆఫీసు సంగతులు రాయండి, అవే గుర్తుంటాయి.

నా ‘టెల్’ పేజీ ఇలా ఉంటుంది. టెల్, టెల్స్, టోల్డ్, టోల్డ్, టెల్లింగ్. వెనకే మనిషి రావాలి: టెల్ మి, టెల్ హర్. ఏదైనా చేయమని చెప్పడానికి: ‘టెల్ హిమ్ టు వెయిట్’. టెల్ ది ట్రూత్, టెల్ ఎ లై, టెల్ ఎ స్టోరీ. టెల్ ఆఫ్: చీవాట్లు పెట్టడం. ఎదురు పేజీలో ‘సే’: సే, సెజ్, సెడ్, సెడ్, సేయింగ్. వెనక మనిషి కాదు, మాట వస్తుంది, మనిషి కావాలంటే ‘టు’ పట్టుకుని రావాలి. రెండు పేజీల మధ్య మార్జిన్‌లో పెన్సిలుతో ఒక గుర్తు: టెల్ అంటే ‘చెప్పు’, సే అంటే ‘అను’. నూటికి నూరుపాళ్లు కాకపోయినా చాలాచోట్ల ఇది పనిచేస్తుంది.

మొదటి వారానికి బి, హ్యావ్, డూ, గో, టెల్, సే, మేక్ పెట్టుకోండి. ఆ తర్వాత ‘గెట్’. దానికి మాత్రం ముందుగానే నాలుగు పేజీలు వదిలిపెట్టుకోండి, ఒకటి చాలదు.